అయిదు మీటల మొర

మా ఇంట్లో నా మాట వినేవి అయిదే అయిదు. అయిదూ కారు స్టీరింగ్ మీద, ఎడమ బొటనవేలి కింద ఉండేవి. ఒకటి నొక్కితే పాట గొంతు పెరిగేది, ఒకటి నొక్కితే తగ్గేది. ఒకటి ముందు పాటకూ, ఒకటి వెనక పాటకూ తీసుకెళ్లేవి. అయిదోది మోగుతున్న ఫోన్ ఎత్తేది. నేను నొక్కేవాణ్ని, అవి చేసేవి. ‘ఎందుకు’ అనీ, ‘ఇప్పుడే కావాలా’ అనీ అడిగేవి కావు. ఇంటి యజమాని అన్న మాటకు నా మట్టుకు మిగిలిన అర్థం అంతే. కిందటి ఆషాఢంలో అవి కూడా నా మాట వినడం మానేశాయి.

ఈ ఫిర్యాదు ఎవరికి ఇచ్చుకోవాలో తోచలేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే నష్టం ఎంత అని అడుగుతారు. నష్టం మూరెడు. ఉత్తిమాట కాదు, టేపు పెట్టి కొలిచాను. స్టీరింగ్ మీద నా ఎడమ చెయ్యి ఉండే చోటి నుంచి స్టీరియో అంచు వరకు పదహారు అంగుళాలు. మూరకు రెండంగుళాలు తక్కువే, ఒప్పుకుంటాను. “చెయ్యి చాపితే అందుతుంది కదండీ” అంది మా ఆవిడ. ఆ పదహారు అంగుళాలు చెయ్యి చాపకుండా ఉండడానికి నేను సీతాఫల్‌మండి నుంచి రాణీగంజ్‌కు రెండుసార్లు, బోయిన్‌పల్లికి రెండుసార్లు వెళ్లి వచ్చాను. ఈ లెక్క ఆవిడకు చెప్పలేదు. ఆవిడే చెప్పింది.

జరిగింది ఇదీ. 2018లో రైల్ నిలయంలో రిటైరయ్యాను, 2019 దసరాకు కారు కొన్నాను. కారు పేరు చెప్పను. దాని తప్పేం లేదు. దాంతో వచ్చిన స్టీరియో అయిదేళ్లకు పైగా బుద్ధిగా పాడి, ఒకనాడు 101.9 రెయిన్‌బో వింటుండగా ఒక్క ఎక్కిలి ఎక్కి ఊరుకుంది. బాగు చేయిద్దామన్నాను. ఈ మాట ఇప్పుడు ఇళ్లల్లో బూతుతో సమానం. టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉన్న మావాడు ఆదివారం ఫోన్‌లో విని, “నాన్నా, అదేమైనా తాతయ్య మర్ఫీ రేడియోనా బాగు చేయించడానికి?” అన్నాడు. మంగళవారానికల్లా గుమ్మంలో పార్సిల్ ఉంది. తొమ్మిదంగుళాల తెర. దాని మీద మ్యాపులున్నాయి, సినిమాలున్నాయి, వాతావరణం ఉంది, లెక్కల యంత్రం కూడా ఉంది. కారు నడిపేవాడికి లెక్కల యంత్రం ఎందుకో మొదట అర్థం కాలేదు. చలానాలు కూడుకోవడానికి కాబోలు.

తెర బిగించుకోవడానికి రాణీగంజ్ వెళ్లాను. ఆ చోటు తెలియని వాళ్లకు ఒక మాట. బండికి ఉండే ప్రతి భాగమూ అక్కడ బండి లేకుండా దొరుకుతుంది. అద్దాలు, బేరింగులు, బంపర్లు, ఎప్పుడో కంపెనీ మూతపడ్డ స్కూటర్ల క్లచ్ ప్లేట్లు. లష్కర్ బోనాలకు ముందు వారం. చిలకలగూడ, స్టేషన్, ప్యాట్నీ, ప్యారడైజ్ దాటి అక్కడికి చేరేసరికే పూట గడిచింది. అక్కడి స్టీరియో దుకాణంలో ఉస్తాద్ తెరను తిప్పి చూసి, “గంట పని సార్. మీరు గట్ల పోయి ఛాయ్ తాగి రాండ్రి” అన్నాడు.

“స్టీరింగ్ మీది మీటలు కూడా పనిచేస్తాయా?” అని అడిగాను.

“అయితది సార్.”

మన వ్యాకరణంలో తద్ధర్మార్థకమని ఒకటుంది. జరిగిపోయినదానికీ, జరుగుతున్నదానికీ, జరగబోయేదానికీ, దేనికీ కట్టుబడని క్రియ. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు అన్నట్టు. చిన్నప్పుడు తెలుగు పంతులుగారు చెవి మెలిపెట్టి చెప్పినా నాకది తలకెక్కలేదు. ఈ ఉస్తాద్ ఒక్క మాటతో ఎక్కించాడు. ‘అయితది’ అంటే ఎప్పుడో ఒకప్పుడు, ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి బండిలో అవుతుందని.

మూడు ఛాయ్‌ల తర్వాత తిరిగి వస్తే డాష్‌బోర్డు విప్పి ఉంది. ఆ దృశ్యం ఇంటి మనిషి చూడకూడదు. ఆపరేషన్ థియేటర్ తలుపుకు అద్దం పెట్టకపోవడంలో డాక్టర్ల వివేకం అప్పుడు తెలిసింది. పసుపు వైరు, ఎర్ర వైరు, నల్ల వైరు, నీలం వైరు, స్పీకర్లకు జంటజంటలుగా తెల్లవీ, బూడిదరంగువీ, ఆకుపచ్చవీ, ఊదావీ. పసుపుదానిలో కరెంటు ఎప్పుడూ ఉంటుందట, ఎర్రదానిలో తాళం తిప్పితేనే వస్తుందట, నల్లది ఎర్త్. పసుపుదీ ఎర్రదీ తారుమారైతే తాళం తియ్యగానే స్టీరియో నేర్చుకున్నదంతా మరిచిపోతుంది. మాది మొదటి వారం అలాగే మరిచిపోయింది. అది వేరే కథ, ఫోన్‌లో గట్టిగా మాట్లాడితే తేలిపోయింది.

మీటలు మాత్రం పనిచెయ్యలేదు. ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర మొదటిసారి నొక్కాను. ఏమీ లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాను, మనిషికి చెవుడేమోనని గట్టిగా పిలిచినట్టు. ఏమీ లేదు. సాయంత్రం లైట్లు వేసేసరికి ఆ అయిదు మీటలూ ఎప్పటిలాగే చల్లగా వెలిగాయి. వాటిలో దీపానికి కరెంటు వేరే వైరులోంచి వస్తుందని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం పదవి పోయినా బంగళా ఖాళీ చెయ్యని మంత్రిగారిని చూసినట్టే ఉంది.

ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. “సార్, ఇంత పెద్ద టచ్ స్క్రీన్ ఉండంగ మీటలెందుకు?” అన్నాడు.

ఎందుకో చెబుతాను. సంగీత్ చౌరస్తా నుంచి క్లాక్ టవర్ వైపు వెళ్తూ తెర మీద గొంతు తగ్గించి చూడండి. వేలు ఎక్కడికి గురిపెట్టినా అది ఎక్కడ తగులుతుందో రోడ్డు మీది గుంత నిర్ణయిస్తుంది. నేను గొంతు కోసం వెళ్తే వాతావరణం తెరుచుకుంది. ‘మేఘావృతం’ అని చదివేలోగా ముందు ఆటో ఆగింది. ఆ ఆటో బ్రేకు లైటుకూ నాకూ మధ్య ఒక జానెడు, దైవకృప మాత్రమే ఉన్నాయి. కళ్లు రోడ్డు మీద ఉండాలంటే చేతికి తడిమితే తెలిసే మీట కావాలి. ఇది నా ఛాదస్తం కాదు. యూరప్‌లో కార్ల భద్రతకు నక్షత్రాలు వేసే యూరో ఎన్‌క్యాప్ వాళ్లు కూడా 2026 నుంచి పూర్తి మార్కులు కావాలంటే హారన్, వైపర్లు, ఇండికేటర్లు లాంటివాటికి తెర చాలదు, ముట్టుకుంటే తెలిసే మీటలుండాలి అంటున్నారు. ఆ జాబితాలో పాట గొంతు లేదు. ఒక కార్డు ముక్క రాద్దామనుకున్నాను.

పైగా ఇది కొత్త కోరికా కాదు. అమెరికాలో గాల్విన్ సోదరులు కారు రేడియో చేసి, దానికి మోటరోలా అని పేరు పెట్టి అమ్మింది 1930లో. రెండేళ్లకు జర్మనీలో బ్లాపంక్ట్ వాళ్లు చేసిన రేడియో ఎంత పెద్దదంటే, అది డ్రైవరు దగ్గర ఎక్కడా ఇమడలేదు. అందుకని దాన్ని ఎక్కడో అమర్చి, నడిపే మీటలు మాత్రం స్టీరింగ్ కాడకు తెచ్చి బిగించారు. 1932లో! దాదాపు వందేళ్ల కిందట జర్మనీ వాడి బొటనవేలికి అందినది నాకు రాణీగంజ్‌లో అందలేదు.

నేను సిగ్నళ్లు తెలియనివాణ్ని కాను. అంటే సిగ్నల్ ఇంజినీర్ని కాను, అకౌంట్స్‌లో ఉండేవాణ్ని. సిగ్నల్ విభాగం బిల్లులు ముప్పై నాలుగేళ్లు నా బల్ల మీదుగా వెళ్లాయి. రిలే అంటే ఏమిటో తెలియకపోయినా దాని ధర తెలుసు. దేశంలో రైల్వే సిగ్నళ్ల విద్య నేర్పే ఇరిసెట్ 1957 నుంచి మా ఇంటికి కూతవేటు దూరంలో, తార్నాకలో ఉంది. 2022 మార్చి 4న మా సికింద్రాబాద్ డివిజన్‌లోనే, గుల్లగూడ చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య, రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ పరీక్ష జరిగింది. రైల్వే మంత్రి అశ్విని వైష్ణవ్ స్వయంగా ఇంజిన్ ఎక్కారు. ఎదురుగా మరో ఇంజిన్ ఉండగా, మంత్రిగారున్న ఇంజిన్ 380 మీటర్ల దూరంలో దానంతటదే ఆగింది. గేటు దగ్గరకు రాగానే డ్రైవరు చెయ్యి పడకుండానే కూత కూడా వేసింది. టీవీలో చూసి కళ్లు చెమర్చాయి. ఆ డివిజన్‌లో పెన్షన్ తీసుకుంటున్న నేను, స్టీరింగ్ మీద చెయ్యి ఉంచి, పాట గొంతు ఒక్క గీత తగ్గించలేకపోతున్నాను!

అప్పుడు పట్టుదల వచ్చింది. రాత్రిళ్లు కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. చదివితే తెలిసిందేమిటంటే, అయిదు మీటలకు అయిదు వైర్లు లేవు. చాలా కార్లలో ఒకటో రెండో ఉంటాయి, అంతే. మరి ఏ మీట నొక్కామో స్టీరియోకు ఎలా తెలుస్తుంది? మా నాయనమ్మకు తెలిసినట్టే తెలుస్తుంది. ఆవిడకు చివరి రోజుల్లో చూపు లేదు. వీధి తలుపు ఒక్కటే, కొట్టేవాళ్లు చాలామంది. గట్టిగా రెండు దెబ్బలైతే పాలవాడు, వేళ్ల కొసలతో గీకినట్టుంటే పక్కింటి పంకజమ్మ, తలుపు మొత్తం ఊగితే మా బాబాయి. దెబ్బను బట్టి మనిషి.

ఇక్కడ దెబ్బ బదులు రెసిస్టరు. ఒక్కో మీట వెనక ఒక్కో విలువ ఉన్న రెసిస్టరు కూర్చుని ఉంటుంది. స్టీరియో ఆ ఒంటి వైరులోకి కొద్దిపాటి వోల్టేజీ పంపి కాచుకుని ఉంటుంది. మనం మీట నొక్కగానే ఆ రెసిస్టరు గుండా కరెంటు ఎర్త్‌కు జారి, వోల్టేజీ ఇంత అని పడిపోతుంది. ఎంత పడిందో చూసుకుని, ‘ఓహో, ఇది గొంతు పెంచమన్న దెబ్బ’ అని గుర్తుపడుతుంది. దీని వెనకున్న సూత్రాన్ని 1827లో ప్రకటించినవాడు జర్మనీలో ఒక బడిపంతులు, పేరు జార్జ్ సైమన్ ఓమ్. ఆయన పేరే ఆ కొలతకు పెట్టారు. ఇన్నాళ్లూ పూజగదిలో నేను జపిస్తున్నదీ, స్టీరింగ్‌లో పనిచెయ్యనిదీ ఒకటే అక్షరమని తెలిసి కాసేపు కళ్లు మూసుకున్నాను.

ఈ జ్ఞానంతో రెండోసారి రాణీగంజ్ వెళ్లాను. ఈసారి వేరే దుకాణం. కౌంటర్ వెనకున్న కుర్రవాడు నా ఉపన్యాసం సగంలోనే ఆపి, “అంకుల్, మీది క్యాన్ బండి. డబ్బా వెయ్యాలె” అన్నాడు.

క్యాన్ అంటే నాకు తెలిసింది పాలది. ఇది వేరు. కారులో కంప్యూటర్లన్నీ ఒకే జత వైర్ల మీద మాట్లాడుకునే పద్ధతి. బాష్ కంపెనీ 1986లో లోకానికి చూపించింది. ప్రతి చిన్న పనికీ ఒక వైరు లాగుతూ పోతే కారు బరువంతా వైర్లే అయ్యేలా ఉందని కనిపెట్టారు. అలాంటి బండిలో మీట నొక్కితే వోల్టేజీ ఊరికే పడదు, అంకెల్లో ఒక సందేశం వెళ్తుంది. ఆ భాష రాని బయటి స్టీరియోకు మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీయే డబ్బా. శాస్త్రం అంతా సరిగానే ఉంది. మా కారు మీటలు ఆ భాష మాట్లాడవన్న చిన్న విషయం ఒక్కటే తేడా. అది డబ్బా కొని, బిగించి, విప్పాక తెలిసింది. ₹2,200. ఎలక్ట్రికల్ సామాను విప్పాక వాపసు లేదని గోడ మీద రాసి ఉంది, నాకు చూపించారు. ఇప్పుడా డబ్బా మా షోకేసులో, ఏదో పెళ్లిలో ఇచ్చిన వెంకటేశ్వరస్వామి ప్రతిమ పక్కన ఉంది. వచ్చినవాళ్లు వైఫై అనుకుంటున్నారు.

ఇది చాలక అతను ఇంకో మాట అన్నాడు. “డబ్బాతోని కాలేదంటే స్టీరింగ్ ఇప్పాలె అంకుల్. లోపల బెల్టు కట్టయి ఉంటది.”

స్టీరింగ్ గుండ్రంగా తిరుగుతుంది, దాని కాడ తిరగదు కదా. మరి తిరిగేదాని మీది మీటలకు తిరగనిదాంట్లోంచి వైరు ఎలా వెళ్తుంది? గడియారం స్ప్రింగులా చుట్టిన ఒక బల్లపరుపు రిబ్బను ద్వారా. చక్రం ఇటు తిప్పితే బిగుస్తుంది, అటు తిప్పితే వదులవుతుంది. మెకానిక్‌లు దాన్ని స్పైరల్ కేబుల్ అంటారు, క్లాక్ స్ప్రింగ్ అంటారు, ఇతను బెల్టు అన్నాడు. మీటలు, హారన్, ఎయిర్‌బ్యాగ్ మూడింటి మాటా ఆ రిబ్బను మీదే వెళ్తుంది. అది నిజంగా తెగి ఉంటే హారన్ మూగబోయేది, ఎయిర్‌బ్యాగ్ బొమ్మ ఎర్రగా వెలిగేది. నా హారన్ బ్రహ్మాండంగా మోగుతోంది. మోగకపోతే ఆ దుకాణం దాకా వచ్చేవాణ్నే కాను. హారన్ లేకుండా మోండా మార్కెట్ దాటిన కారు చరిత్రలో ఉన్నట్టు నేను వినలేదు.

పైగా ఎయిర్‌బ్యాగ్! 2019 జూలై 1 తర్వాత మన దేశంలో తయారైన ప్రతి కారుకూ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. దాంతో పాటే 80 దాటితే కుయ్యిమనే గంట కూడా. సికింద్రాబాద్‌లో ఆ గంట ఎలా ఉంటుందో నేనింకా వినలేదు. ఆ ఎయిర్‌బ్యాగ్ నా గుండెకు ఎదురుగా, ఆ మీటల పక్కనే మడిచి ఉంది. దాన్ని ముట్టుకోవాలంటే ముందు బ్యాటరీ నెగటివ్ తియ్యాలి, కొన్ని నిమిషాలు ఆగాలి, పసుపుపచ్చ కప్లర్ల జోలికి మీటరు పట్టుకుని వెళ్లకూడదు. అంత దాకా నేను చదివి ఉన్నాను. కుర్రవాడు అప్పటికే స్క్రూడ్రైవర్ నోట్లో పెట్టుకుని స్టీరింగ్ వైపు వస్తున్నాడు. బ్యాటరీ దిక్కు చూడలేదు. “బాబూ, నాకు మనవరాలి అన్నప్రాశన ఉంది” అని చెప్పి కారు స్టార్ట్ చేశాను. మనవరాలికి ఏడేళ్లు.

మూడో ప్రయాణం బోయిన్‌పల్లి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెప్పిన మనిషి, పాతకాలం ఆటో ఎలక్ట్రీషియన్. షెడ్డు, ఒక బల్ల, గోడకు టెస్ట్ ల్యాంపు, బోర్డు కూడా లేదు. పెద్దాయన నేను చెప్పిందంతా విన్నాడు. అదే మొదటి వింత. తెరను ఊడదీసి వెనక్కి తిప్పి, వేలితో చూపించాడు. అక్కడ రెండు సన్నటి వైర్లు చుట్ట చుట్టి, నల్ల టేపు వేసి, బొడ్డుతాడులా కట్టి ఉన్నాయి. వాటి మీద చిన్న కాగితాలు: కీ 1, కీ 2. మీటల వైర్లు అవే.

“ఇవి కలపనే లేదు సార్” అన్నాడు. అంతే. తిట్టలేదు, నవ్వలేదు. స్టీరింగ్ కాడ కింద కప్లరుకు వచ్చే వైరును మీటరుతో వెతికి పట్టుకున్నాడు. చక్రం ముట్టుకోలేదు. కంపెనీ వైరు కొయ్యనూ లేదు. కోస్తే వారంటీ పోతుందని, మధ్యలో చిన్న కప్లరు పెట్టి టంకం వేసి, పైన ట్యూబు తొడిగి వేడిచేశాడు.

తర్వాత నేర్పడం. ఇది చూడవలసిన ఘట్టం. తెర మీద స్టీరింగ్ బొమ్మ వస్తుంది. గొంతు పెంచే బొమ్మను ముట్టుకుని, స్టీరింగ్ మీద నిజం మీటను నొక్కి పట్టుకోవాలి. అది ఆ దెబ్బను వింటుంది, గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ ఇంకోటి. పలక మీద పిల్లవాడి చెయ్యి పట్టి ఓనమాలు దిద్దించినట్టే. నేను దిద్దించాను. బాసర వెళ్లే పని లేకుండా, బోయిన్‌పల్లిలో ఒక షెడ్డు కింద, ₹400కు అయిదు అక్షరాల అక్షరాభ్యాసం పూర్తయింది. తిరిగొస్తుంటే దారి పొడుగునా గొంతు పెంచుతూ తగ్గిస్తూనే ఉన్నాను. మా ఆవిడ సీట్లో పర్సు సర్దుకుంటూ, “ఏదో ఒకచోట ఉంచండి” అంది.

పదమూడు రోజులు సుఖపడ్డాను.

పద్నాలుగో రోజు రాత్రి అల్వాల్‌లో పెళ్లి భోజనం చేసి వస్తున్నాం. పక్క సీట్లో మా వియ్యంకుడు. కాకినాడ నుంచి నాలుగు రోజులకని వచ్చి, తొమ్మిదో రోజులో ఉన్నారు. చాలా పెద్దమనిషి, ఆ సంగతి ఇక్కడ నమోదు చేస్తున్నాను. లోతుకుంట దగ్గర ఫోన్ మోగింది. తెర మీద మా తమ్ముడి పేరు. బండిలో పెద్దాయన ఉన్నారు కదా, ఇంటికెళ్లాక మాట్లాడదాం, మోత తగ్గిద్దామని గొంతు తగ్గించే మీట నొక్కాను. మోత ఆగింది. ఆగి, నాలుగు స్పీకర్లలోంచి మా తమ్ముడి గొంతు వచ్చింది.

“ఏం అన్నయ్యా, ఆ మహానుభావుడు ఇంకా కదల్లేదా?”

వెంటనే తగ్గించే మీట మళ్లీ నొక్కాను. ఫోన్ కట్టయింది. తర్వాత కార్ఖానా వచ్చేదాకా బండిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి వియ్యంకుడుగారే గొంతు సవరించుకుని, “ఎల్లుండికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు ఖాయమైందని మీ తమ్ముడుగారితో చెప్పండి బావగారూ” అన్నారు.

మా తమ్ముడు ఎవరి గురించి అన్నాడో నిరూపించలేనని నేను వాదించవచ్చు. ఇంట్లో వాదించాను కూడా. తీర్పు రిజర్వులో ఉంది.

మర్నాడు పొద్దున సెల్లార్‌లో పరీక్షిస్తే మీటలు పువ్వుల్లా పనిచేస్తున్నాయి. తగ్గించేది తగ్గిస్తోంది, ఎత్తేది ఎత్తుతోంది. రాత్రి మాత్రం మళ్లీ అదే. తగ్గించేది ఫోన్ ఎత్తుతోంది, ముందుకు వెళ్లమన్నది వెనక్కి పోతోంది. పగలు ఒక మాట, రాత్రి ఒక మాట. ఆఫీసులో ఇలాంటివాళ్లను చూశాను గానీ స్టీరియో నుంచి ఆశించలేదు. పంకజమ్మ వేళ్లతో గీకితే మా నాయనమ్మ బాబాయి వచ్చాడని లేచి కూర్చున్నట్టు.

నాలుగో ప్రయాణం, మళ్లీ బోయిన్‌పల్లి. పెద్దాయన నా గోడు విని ఒకే ప్రశ్న అడిగాడు: “రాత్రిపూటనా, లైట్లేసినంకనా?” నాకు రెండూ ఒకటే అనిపించింది. ఆయనకు కాదు. పట్టపగలు హెడ్‌లైట్లు వేయించి, మీట నొక్కమన్నాడు. తప్పింది. లైట్లు ఆర్పించి నొక్కమన్నాడు. సరిపోయింది. “ఎర్త్ సార్” అన్నాడు.

సంగతేమిటంటే, స్టీరియో ఒకచోట ఎర్త్ తీసుకుంటోంది, మీటలు ఇంకోచోట. స్టీరియో తీసుకున్న చోటనే లైట్ల కరెంటు కొంత వెళ్తోంది, ఆ వైరు సన్నం. లైట్లు వెయ్యగానే అక్కడి నేల పిసరంత పైకి లేచినట్టయి, రెండు ఎర్త్‌ల మధ్య చిల్లర తేడా వస్తోంది. ఆ చిల్లర చాలు. తగ్గించే మీట విలువా, దాని పక్కనున్న ఫోన్ మీట విలువా అంత దగ్గర. స్టీరియో అబద్ధమాడలేదు పాపం, నేలే జరిగింది.

పెద్దాయన సాయం కుర్రవాడు చోటూను కేకేసి, అడుగున్నర నల్ల వైరు తెప్పించి, రెండు ఎర్త్‌లనూ డాష్‌బోర్డు వెనక ఒకే బోల్టు కిందికి తెచ్చి బిగించాడు. బోల్టు దగ్గర పెయింటు గీకి మరీ బిగించాడు. “ఎంత?” అంటే, “యాభై ఇయ్యుండ్రి” అన్నాడు. నా కుటుంబ ప్రతిష్ఠ అల్వాల్ రోడ్డు మీద పోయింది అడుగున్నర వైరు కోసమని తెలిసి వంద ఇచ్చాను. యాభై తిరిగిచ్చాడు.

అయినా నా ఫిర్యాదు ఉపసంహరించుకోవడం లేదు. మూడు దుకాణాలు, నాలుగు ప్రయాణాలు, షోకేసులో ఒక డబ్బా, కాకినాడతో కొంచెం ముభావం. ఇవి రికార్డులో ఉండాలి. మావాడికి ఇదంతా చెబితే, “నాన్నా, వాయిస్ కమాండ్ ఉంది కదా, నోటితో చెబితే సరిపోయేది” అన్నాడు. ఒకసారి చెప్పాను. ‘గొంతు తగ్గించు’ అంటే ఎవరో డాక్టరు దగ్గరకు దారి చూపించింది.

నిన్న రాత్రి భోజనానికి ముందు సెల్లార్‌కు దిగాను. పనేం లేదు. తాళం ఒక్క మెట్టు తిప్పి, 102.8 వివిధభారతి పెట్టుకుని కూర్చున్నాను. వాచ్‌మన్ వచ్చి అద్దం దగ్గర వంగి, “యాడికన్న పోతున్నరా సార్?” అని అడిగాడు. లేదన్నాను. కాసేపు నిలబడి, ఇంకేమీ అడక్కుండా వెళ్లిపోయాడు.

ఫోన్ మోగింది. అయిదో మీట నొక్కాను. నాలుగు స్పీకర్లలోంచి మా ఆవిడ గొంతు సెల్లారంతా నిండింది. “ఏమండీ, చారు చల్లారిపోతోంది. నేను ఇక్కడ మాట్లాడేది బాల్కనీ కిందనుంచి మళ్లీ నాకే వినిపిస్తోంది. అందరూ చూస్తున్నారు. ముందు ఆ గొంతు తగ్గించండి.”

తగ్గించాను. హెడ్‌లైట్లు వేసి, ఇంకోసారి తగ్గించాను.